కౌగిలి ఆదివారం

ఆల్డర్‌వెల్, డార్బీషైర్
1958 ఆగస్టు 11, సోమవారం

తమ్ముడు క్లెమ్‌కు,

నువ్వూ ఫ్లోరీ క్షేమమని తలుస్తాను. నేనూ క్షేమమే గానీ ఒళ్లంతా కోపంగా ఉంది. అక్షరాలు వంకర పోతే సర్దుకుని చదువుకో.

గురువారం బిషప్ గారి తరఫున ఆర్చ్‌డీకన్ దిగాడు. వస్తూనే చర్చి బల్ల మీద వేలు పెట్టి రాసి, ఆ వేలిని వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. నేను తుడిచిన బల్ల మీద! దుమ్ము దొరక్క మొహం వేలాడేసి, కౌగిలి ఆదివారం సంగతి ఎత్తాడు. ఏటా ఊరంతా కీర్తన పాడుతూ చర్చిని కౌగిలించుకునే రోజు కదా, నిరుడు మేం చుట్టూ చేతులు కలిపి నిలబడితే వరస అతకలేదని ఆయన చెవిన పడింది. మా పాదిరి పిమ్ గారి మెడకండువాకు మిసెస్ ఆల్సప్ కుక్క గొలుసు ముడేసి ఆ ఖాళీ పూడ్చిన మాట నిజమే. గొలుసు చివర కుక్క ఉన్న మాట కూడా నిజమే.

"చుట్టూ చేతులు కలపడానికి మనుషుల్లేని ఊరికి ఇంత చర్చి ఎందుకండీ? ఈసారి నేనే వచ్చి చూస్తాను. అతక్కపోతే తాళం వేసి, ఆదివారాలు మీ అందరికీ పక్క ఊరికి బస్సు ఏర్పాటు చేయిస్తాం" అన్నాడు, ఏదో వరమిస్తున్నట్టు.

ఆ తాళంచెవులు అమ్మ నడుము నుంచి నా నడుముకు వచ్చినవి. ఏడొందల ఏళ్లుగా తెరిచి ఉన్న తలుపుకు నా చేత్తో తాళం వేయాలా? నా కంఠంలో ప్రాణం ఉండగా జరగదు.

అందుకే రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. రేపు రేగుపళ్ల కేకు పట్టుకుని ఈనక్ వైల్డ్‌గూస్ ఇంటికి వెళ్తున్నాను. సిగ్గు విడిచి నేనే అడగబోతున్నాను. యాభై తొమ్మిదేళ్లొచ్చాక ఇదేం పోయేకాలమని ఊరు నవ్వితే నవ్వనీ. (కాగితం అయిపోయింది, రెండోది తీశాను.)

అడిగేదేమిటంటే, మా చర్చికి రాకుండా వేరే ప్రార్థన చేసుకునే చాపెల్ వాళ్లంతా వచ్చి మాతో చేతులు కలపాలని. రాణిగారి పట్టాభిషేకం నాడు వాళ్ల టీ బాన అరువు తెచ్చుకుని సొట్ట పెట్టి తిరిగిచ్చామని, ఐదేళ్లుగా వాళ్లకూ మాకూ మాటల్లేవని నీకు తెలుసు. ఈనక్ వాళ్లకు పెద్ద తల. అతను ఊ అంటే అందరూ వస్తారు, వరస అతుకుతుంది.

నిన్ను రమ్మని మాత్రం అడగను. ఇరవై ఏళ్ల కిందట దొరగారి పెళ్లిలో వరస తప్పి చర్చి గంట లాగావని గంటల మేస్త్రీ జోబ్ హీత్‌కోట్ నలుగురిలో నిన్ను "వెన్నచేతులోడా" అన్నాడు, క్షమాపణ చెప్పేదాకా చర్చి గేటు దాటనని నువ్వు ఒట్టు పెట్టుకున్నావు. ఆయన చెప్పడు, నువ్వు దాటవు. ఇద్దరివీ గాడిద తలకాయలే.

కోపం కాస్త తగ్గిన మీ అక్క,
హెస్టర్

*

స్కార్‌బరో
ఆగస్టు 16

అక్కా,

ఇక్కడ వారం నుంచీ ఒకటే వాన. సముద్రం ఒడ్డున తిరగాల్సిన మా బసవాళ్లంతా, అద్దెకు గదులిచ్చిన పాపానికి, నా వంటింట్లో తిరుగుతున్నారు. ఆ గందరగోళంలో మీ మరదలు నీ ఉత్తరం రెండో కాగితాన్ని పొయ్యి రాజేయడానికి వాడేసింది. నేను మొదటిది చదివి తలెత్తేసరికి రెండోది మంటల్లో ఉంది. ఫరవాలేదులే, ముఖ్యమైనదంతా మొదటి దాంట్లోనే ఉంది. రెండో దాంట్లో ఎప్పటిలా జోబ్ గురించీ నా తలకాయ గురించీ రాసుంటావు.

అక్కా, అడిగెయ్! ఆలస్యం అమృతం విషం. ఇది నలభై ఏళ్ల కిందటే జరగాల్సింది. అప్పట్లో ఈనక్ మన పెరటి గోడను రాత్రి పడగొట్టి, పొద్దున్నే వచ్చి "అయ్యో, గోడ పడిందే, కట్టనా?" అనేవాడు గుర్తుందా? ఊళ్లో వాడు కట్టిన గోడలన్నీ రాయిలా నిలబడ్డాయి, మనది మాత్రం నెలకోసారి పడేది. నాన్న ఇది గాలిదోషం అనుకుంటూనే పోయాడు.

ఆ మాట నువ్వు కాగితం మీద పెట్టలేదు, నేనూ పెట్టను. గ్రాటన్ల ఇంట్లో అలాంటివి నోటితో అనే అలవాటు లేదు. ఫ్లోరీ అనబోతే నేనే నోరు మూయించాను. కానీ అది అప్పుడే టోపీకి ఈకలు కొనడానికి పోయింది. నా మంచి సూటు కలరా ఉండల్లోంచి తీసి కిటికీకి వేలాడదీసింది. దాని వాసనకు బసవాళ్లు భోజనాల గదిలో ముక్కులు మూసుకుని తింటున్నారు.

నీ సంతోషమే నా సంతోషం,
క్లెమ్

*

ఆల్డర్‌వెల్
ఆగస్టు 21

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి కళ్లు చెమర్చాయి. చర్చి విషయంలో నువ్వింత మెత్తబడతావని కలలో కూడా అనుకోలేదు. నలభై ఏళ్ల కిందటే జరగాల్సిందన్నావు చూడు, అది అక్షరాలా నిజం. గోడ సంగతి మాత్రం ఇప్పుడు దేనికి? పాత కథ.

అడిగేశాను! తలుపు తెరిచేసరికి ఈనక్ మేజోళ్లతో ఉన్నాడు, ఒక మేజోడుకు బొటనవేలు బయటికి చూస్తోంది. నేను విషయం చెప్పగానే చేతిలో రొట్టె కింద పడింది. వెన్న రాసిన వైపే.

"హెస్టర్ గ్రాటన్, నువ్వా నన్నడిగేది?"

"ఇంకెవరున్నారు అడగడానికి? మా పాదిరిగారికి నిన్ను చూస్తేనే నోరు ఎండిపోతుంది."

"మా చాపెల్ వాళ్లతో ఒక మాట అనాలి."

"అను. కేకు మాత్రం వాళ్లకు పెట్టకు, అది నీకే తెచ్చాను."

ఆదివారం సాయంత్రం జవాబు పట్టుకొచ్చాడు. ఒప్పుకున్నారు, కానీ షరతులున్నాయి. టీ వాళ్ల బానలోనే కాచాలి, సొట్ట ఉన్న వైపు మా చర్చి వాళ్లకు కనబడేలా పెట్టాలి. కీర్తనల్లో ఒకటి వాళ్లది పాడాలి. పిమ్ గారి ప్రసంగం టీ చల్లారే లోపల ముగియాలి. అన్నిటికీ తలూపాను. మూడోది నాకూ ఇష్టమే. అక్కడికక్కడే చేతిలో చేయి వేసి మాటిచ్చాడు. ఆ చేయి ఉందే, రాయి పట్టుకుంటే రాయే నయం.

సెప్టెంబరు 14 ఆదివారం. ఎవరి దగ్గరా నోరు జారకు. ఆర్చ్‌డీకన్ చెవిన ముందే పడితే ఏదో ఒక పుల్ల పెడతాడు.

ఆ సూటు ఎందుకు ఆరేస్తున్నారు? సముద్రం ఒడ్డున బ్యాండు మేళంలో చేరావా?

మీ అక్క,
హెస్టర్

*

స్కార్‌బరో
ఆగస్టు 26

అక్కా,

నోరు జారబోమని ఫ్లోరీ, నేనూ ఒట్టు వేసుకున్నాం. బసవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

ఈనక్ షరతులు విని నాకు ఒళ్లు మండింది. ఇలాంటి విషయానికి షరతులేమిటి? అందులోనూ టీ బాన గురించా? మనిషి ఏమీ మారలేదు. సరే, నీకు నచ్చాడు, నేనెవర్ని అనడానికి.

ఈ ఉత్తరంతో పాటు ఒక పార్శిలు వస్తుంది. ఫ్లోరీ పదేళ్లుగా ముక్కలు కూర్చి కుట్టిన దుప్పటి. మా ఇంట్లో ఉన్న వాటన్నిటిలోకీ పెద్దది. అంతకన్నా వివరంగా రాయను. మీ ఇద్దరూ చల్లగా ఉండాలి.

రెండు సందేహాలు. నాన్న లేడు, నేను గేటు దాటను, ఆ రోజు నీ చేయి ఎవరు పట్టుకుంటారు? గంటలు ఎవరు మోగిస్తారు? ఆ జోబ్ ముసలాడు ఇంకా గంటల మేస్త్రీగానే ఊరేగుతున్నాడా?

తమ్ముడు,
క్లెమ్

*

ఆల్డర్‌వెల్
సెప్టెంబరు 3

క్లెమ్‌కు, ఫ్లోరీకి,

పార్శిలు అందింది. ఇంత పెద్ద దుప్పటి దేనికా అని మొదట తెల్లబోయాను, తర్వాత అర్థమైంది. బల్లలు రెండు పక్కపక్కన జరిపి ఈనక్, నేనూ దాన్ని పరిచి చూశాం. అంచులు అన్ని వైపులా సమానంగా దిగాయి. "మీ మరదలికి చూపు ఉంది" అన్నాడు ఈనక్. తర్వాత జాగ్రత్తగా మడిచి దాచాం, ఆ రోజుకే తీస్తాం. ఫ్లోరీ, నీ చేతికి బంగారు తొడుగు వేయాలి.

నా చేయి సంగతి అడిగావు. ఒక చేయి ఈనక్ పట్టుకుంటాడు, ఇంకొకటి మిసెస్ ఆల్సప్ పట్టుకుంటుంది. కుక్కను ఈసారి ఇంట్లో కట్టేసి వస్తుంది.

గంటలు ఎప్పుడూ మోగించేవాళ్లే మోగిస్తారు, జోబ్‌తో కలిపి ఆరుగురు. కీర్తన మొదలైన దగ్గర్నుంచీ అయ్యేదాకా గంటలు ఆగకూడదు కదా.

నిన్న బట్టలు ఆరేసే తాడు పట్టుకుని చర్చి చుట్టూ తిరిగి కొలిచాం. ఒక్కొక్కరికి ఎంత జాగా పడుతుందో ఈనక్ తన చేతులు చాచి చూపించాడు. మా వాళ్లు, చాపెల్ వాళ్లు, బడిపిల్లలు, గంటలవాళ్లు ఆరుగురు, నడుం పట్టేసిన బేకరీ ముసలాయన, అందర్నీ వేసుకుంటే తాడు అంచుకు అంచు సరిపోయింది. ఒక్క మనిషి ఎక్కువ కాదు, ఒక్క మనిషి తక్కువ కాదు. దేవుడి లెక్క అంటే అదీ! ఆర్చ్‌డీకన్ వచ్చి వెళ్లాక నిన్న రాత్రే మొదటిసారి హాయిగా నిద్రపోయాను.

నువ్వు మాత్రం పౌరుషానికి పోయి బయల్దేరకు. గేటు బయట దిష్టిబొమ్మలా నిలబడితే నలుగురూ నిన్నే చూస్తారు, నాకు కీర్తన తప్పిపోతుంది. అయ్యాక అంతా రాస్తాను.

తొందరలో,
హెస్టర్

*

స్కార్‌బరో
సెప్టెంబరు 12, శుక్రవారం

హెస్టర్ గ్రాటన్ గారికి,

వారం రోజులు ఊరుకున్నాను. ఇక ఊరుకోను.

తోడబుట్టినవాణ్ణి రావద్దంటావా? దిష్టిబొమ్మనా నేను? మిసెస్ ఆల్సప్ పనికొచ్చింది గానీ నేను పనికిరాలేదా? చిన్నప్పుడు వాగు దాటాలంటే ఎవరి చేయి పట్టుకునేదానివి?

ఇంకొకటి. రెండు బల్లలు జరిపి దుప్పటి పరిచి చూశామని సిగ్గు లేకుండా రాశావే! ఆ పిసినారి మంచం కూడా కొననన్నాడా? నా అక్క బల్లల మీద పడుకోవాలా? ఫ్లోరీ రెండు రాత్రులు ఏడ్చింది. మా ముందు గదిలోని ఇత్తడి మంచం విప్పదీయించాను.

ఆదివారం వస్తున్నాం. బస్సు మాట్లాడాను. వాన వల్ల విసిగిపోయిన బసవాళ్లు మేమూ వస్తామన్నారు, పెళ్లి భోజనం చేసి చాలా రోజులైందట. ఇక దాచడం దేనికి, రాసేశాను: పెళ్లి! నీ పెళ్లి! నేను గేటు బయటే నిలబడతాను, ఒట్టు ఒట్టే. కానీ చూసి తీరతాను.

క్లెమెంట్ గ్రాటన్

*

ఆల్డర్‌వెల్
సెప్టెంబరు 15, సోమవారం

ఒరేయ్ క్లెమ్,

నీ శుక్రవారం ఉత్తరం ఇప్పుడే, ఈ పొద్దున అందింది. గడప దగ్గర నిలబడి చదవడం మొదలుపెట్టాను, చివరికి గడప మీదే చతికిలబడ్డాను. నవ్వి నవ్వి పక్కటెముకలు పట్టేశాయి. పోస్టుమాన్ మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

పెళ్లా! నాకా! నిన్న మీవాళ్లు పెళ్లికూతురని ఎందుకన్నారో ఇప్పటికి అర్థమైంది. ఓరి నీ దుంప తెగ, ఆ రెండో కాగితం కాల్చకుండా ఉంటే ఎంత బాగుండేదిరా. కాదు, కాల్చకపోయుంటే ఈపాటికి నేను తాళం వేస్తూ ఉండేదాన్ని. ఫ్లోరీకి నా ముద్దులు.

నిన్న మీరంతా బస్సు వెళ్లిపోతుందని హడావిడిగా ఎక్కేశారు, ఎవరికెవరూ ఏమీ చెప్పుకోలేదు. మీరు రాకముందు ఏం జరిగిందో నీకు తెలియదు కాబట్టి విను.

చాపెల్ వాళ్లు మాటకు కట్టుబడి బానతో సహా వచ్చారు. అందరం చేతులు కలిపాం. నా ఎడమ చేయి మిసెస్ ఆల్సప్‌కు ఇచ్చాను. కుడి చేయి చాచి ఈనక్ కోసం చూద్దును కదా, అతను గేటుకు అవతలి పక్కన ఎక్కడో ఉన్నాడు! మా ఇద్దరి మధ్య ఒక బండి తోలుకుపోయేంత ఖాళీ. తాడు పెట్టి కొలిచాం కదా, ఎవరు ఎగ్గొట్టారు? అంతలో కీర్తన మొదలైంది, నెత్తి మీద గంటలు మోగాయి, అప్పుడు వెలిగింది నా బుర్రలో. గంటలవాళ్లు! ఆరుగురూ గోపురంలో తాళ్లు లాగుతూ ఉంటే కింద చేతులు పట్టుకునేది ఎవరు? ఊరు ఊరంతా కొలిచి, ఒక్కరికీ తట్టలేదు. గంటలు మోగించేవాడి అక్కను, నాకూ తట్టలేదు.

"చాచండర్రా చేతులు!" అని అరిచాను. చాచారు. ఎవరి జాకెట్టో చంకలో పర్రుమంది. బేకరీ ముసలాయన నడుం ఠక్కుమంటే, "ఆహా, సర్దుకుంది!" అన్నాడు. ఈనక్ టోపీ అంచు పట్టుకుని నా వైపు చాచాడు. అందితేగా. ఆర్చ్‌డీకన్ గొడుగు ఊపుకుంటూ ఆ ఖాళీ దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి గొంతు సవరించుకున్నాడు. క్లెమ్, ఆ క్షణం నేను అమ్మను తలుచుకున్నాను. నడుముకున్న తాళంచెవులు మణుగు బరువెక్కాయి. నాకు ఏడుపు వచ్చేసింది.

సరిగ్గా అప్పుడు నీ బస్సు మలుపు తిరిగి చర్చి ఆవరణ గోడ మూల కూలగొట్టింది.

నెత్తి మీద ఇత్తడి మంచం కట్టుకున్న బస్సును ఈ ఊళ్లో ఎవరూ చూడలేదు. అందులోంచి ఈకల టోపీలు దిగుతుంటే నేను స్వర్గం నుంచి ఎవరో వచ్చారనుకున్నాను. ఆ పొట్టి ఆడమనిషి, ఓడలో వంటవాడినని చెప్పినాయన, కవల అక్కచెల్లెళ్లు, "పెళ్లికూతురు ఏదీ?" అంటూ నా మొహాన రంగు కాగితాలు చల్లారు. ఆర్చ్‌డీకన్ నోట్లోకీ కొన్ని పోయాయి.

"పెళ్లికూతురి సంగతి తర్వాత, ముందు చేతులు ఇవ్వండి!" అన్నాను. పాపం, ఎందుకని ఒక్కరూ అడగలేదు. మా వైపు పెళ్లిళ్లలో అలాగే చేస్తారేమో అనుకుని ఉంటారు. ఫ్లోరీ ఒకరి చేయి, ఆమె చేయి ఇంకొకరు, వరస పాక్కుంటూ వచ్చి ఈనక్ నుంచి నా దాకా ఒక్క మనిషి ఖాళీ మిగిలింది. ఆ ఒక్కడూ గేటు బయట సూటు వేసుకుని, మంచం కోడు ఒకటి చంకన పెట్టుకుని నిలబడ్డాడు.

నిన్ను పిలవడానికి నా నోరు రాలేదు. ఒట్టు నాకూ తెలుసు కదా. కీర్తన చివరి చరణానికి వచ్చింది. అప్పుడు గోపురం కిటికీలోంచి జోబ్ తల బయటికి వచ్చింది.

"ఒరేయ్ వెన్నచేతులోడా! అలా గుడ్లప్పగించి నిలబడ్డావేంట్రా, లోపలికి తగలడు!"

ఆ అరుపులో ముసలాడు తన తాడు మరిచిపోయాడు. ఆయన గంట వరస తప్పి, మిగతా ఐదూ అయిపోయాక ఒక్కటే "ఠంగ్" అంది. ఊరంతా విన్నారు. పక్క ఊరి వాళ్లు కూడా విన్నారట. యాభై ఏళ్లలో జోబ్ హీత్‌కోట్ వరస తప్పడం అదే మొదలు. అది క్షమాపణ కాదని నాకూ తెలుసు. కానీ నీ మొహం చూశాను, తమ్ముడూ. ఇరవై ఏళ్ల బరువు దింపుకున్నవాడిలా పకపకా నవ్వుతూ గేటు దాటి వచ్చావు. నీ చేయి నా చేతిలో పడింది. అరవైకి దగ్గర పడుతున్నా అరచెయ్యి అంతే జిగటగా ఉంది, వాగు దాటేటప్పుడు ఉన్నట్టు. చర్చి అతికిందో లేదో ఆ క్షణం నాకు పట్టలేదు. నువ్వొచ్చావు, అంతే.

అతికిందిలే. ఆర్చ్‌డీకన్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చి, ఎక్కడా సందు కనపడక, సొట్ట బానలో టీ తాగి, ఫ్లోరీ బస్సులో తెచ్చిన కేకు రెండు ముక్కలు తిన్నాడు. "ఈ ఊళ్లో మనుషులు లేరని రాసి తెచ్చుకున్నాను, కొట్టేస్తున్నాను" అని పిమ్ గారితో అన్నాడు. పోతూ పోతూ నా చేయి పట్టుకుని, సంసార జీవితం సుఖంగా సాగాలని దీవించాడు. కాదని చెప్పబోయాను. పిమ్ గారు నా కాలు తొక్కారు.

మీ బస్సు పోయాక టీ బల్లలు తీస్తుంటే ఈనక్ వచ్చి, వాటి మీద పరిచిన ఆ దుప్పటి మడతపెట్టడానికి రెండో కొస పట్టుకున్నాడు. "మంచం నా కొట్టంలో పెట్టించాను. వానకు తడిస్తే ఇత్తడి పాడవుతుంది" అన్నాడు. నేను మంచిదన్నాను. అంతకన్నా ఏమీ అనుకోలేదు. మనం అలాంటివి నోటితో అనే మనుషులం కాదు కదా.

ఈ పొద్దున లేచి చూస్తే నీ బస్సు కూల్చిన గోడ దగ్గర తెల్లారకముందే పని మొదలుపెట్టేశాడు. పట్టుమని ముప్పై రాళ్లు లేవు, మధ్యాహ్నానికి అయిపోవాల్సిన పని. టీ ఇస్తూ ఎప్పటికవుతుందని అడిగాను. రాయి ఒకటి అటూ ఇటూ తిప్పి చూసి, చాలా జాగ్రత్తగా కట్టాలి, క్రిస్మస్ దాకా పట్టొచ్చు అన్నాడు. సరేనన్నాను.

ఆ సూటుకు మళ్లీ కలరా ఉండలు వేయకు. బయటే వేలాడనీ.

మీ అక్క,
హెస్టర్